వ్రాతకు కావలసినది వరమా, ప్రయాసమా?

చదువవలసిన భాగములు: మత్తయి 25:14–30, యిర్మీయా 36, లూకా 1:1–4

ప్రియులారా, "మాకు వ్రాసే తలాంతు లేదండి" అను మాట మన సంఘములలో తరచుగా విందుము. సాక్ష్యము చక్కగా చెప్పగలవారు సయితము కాగితము, కలము చేతికిచ్చినయెడల వెనుకకు తగ్గుదురు. ఈ మాట ఎంతవరకు నిజమో ఈ నెల పరిశీలింతము.

ప్రభువు చెప్పిన ఉపమానములో తలాంతు అనగా నేర్పు కాదు, తూచి యిచ్చెడు ధనము. అయిదు పొందినవాడును రెండు పొందినవాడును పాటుపడిరి. ఇద్దరికిని ఒకే మెప్పు దొరికెను. మూడవవాడు గద్దింపబడినది తక్కువ పొందినందుకు కాదు, పొందినదానిని పాతిపెట్టినందుకే. వరమెంత అనునది మన చేతిలో లేదు. దానితో పాటుపడుట మన వంతు.

పరిశుద్ధ గ్రంథమును వ్రాసినవారును శ్రమపడిరి. లూకా సంగతులన్నిటిని మొదటినుండి విచారించిన పిమ్మటనే వరుసగా వ్రాసెను. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు కోసి కుంపటిలో కాల్చివేసెను. అయినను వారు మానలేదు. అంతయు తిరుగ వ్రాసి, ఇంకను అనేక మాటలు చేర్చిరి.

మన తెలుగు కవి గుఱ్ఱం జాషువను చూడుడి. ఆయన 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించి, కులము పేరిట అవమానములు సహించెను. 1915–16 ప్రాంతమున మన రాజమహేంద్రవరములో మూకీ చిత్రములకు కథయు సంభాషణలును చదివి పొట్టపోసికొనెను. తరువాత గుంటూరులో ఉపాధ్యాయుడాయెను. సంస్కృత కావ్యములు పట్టుదలతో అభ్యసించెను. "గబ్బిలము" వెలువడినది 1941లో; "క్రీస్తు చరిత్ర"కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది 1964లో. ఆయనకు వరము లేదని ఎవరనగలరు? అయితే ఆ వరము ఫలించుటకు ఎన్ని సంవత్సరముల చదువు, ఎంత అభ్యాసము పట్టెనో గమనింపుడి.

మన డెల్టా కథయు ఇట్టిదే. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. అంతకుముందును గోదావరి పారుచునే యుండెను గాని, నీరు చాలవరకు సముద్రము పాలగుచుండెను. నది లేక కాలువ పారదు. కాలువ త్రవ్వక చేను తడవదు.

కాబట్టి యౌవనస్థులారా, వారమునకొక పుట వ్రాయుడి. దానిని బిగ్గరగా చదువుడి. నాలుక తడబడిన చోట వాక్యము సరిచేయుడి. చదువురాని పెద్దవారికి వినిపింపుడి; వారికి తెలియనిది తిరుగ వ్రాయుడి. మన పల్లెలలో తొలి విశ్వాసుల సంగతులెరిగిన తాతలు, మామ్మలు ఒక్కొక్కరుగా ప్రభువునందు నిద్రించుచున్నారు. ఆ సంగతులు ఇప్పుడే వ్రాసియుంచనియెడల వారితోకూడ మట్టిలో కలిసిపోవును. అదియు తలాంతును పాతిపెట్టుటయే.

ఆలోచించుటకు:
1. రెండు తలాంతులవాడు అయిదు తలాంతులవానిని చూచి పని మానియుండినయెడల ఏమగును?
2. మీ సంఘములో ఎవరి సాక్ష్యము ముందుగా వ్రాసియుంచవలెను? ఈ నెల ఎవరు వ్రాయుదురు?