స్టెప్నీ దిగనంటే

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని, అక్కడి కన్సల్టెన్సీ మెట్లెక్కి దిగి, చివరికి అమెరికా విమానం ఎక్కేవాళ్లకి సలహాలకి కొదవుండదు. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, సోషల్ సెక్యూరిటీ నంబరుకి ఎప్పుడు వెళ్లాలి, కుక్కరు తీసుకెళ్లాలా అక్కడ కొనుక్కోవాలా, ఇవన్నీ అడగకముందే చెప్తారు. బండి కింద వేలాడే ఐదో చక్రం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ మనకి ఆ అవసరం పడలేదు మరి. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పడితే వనస్థలిపురం దాటాక ఆటోనగరే ఉంది. అంతదాకా వెళ్లక్కర్లేదు కూడా, రోడ్డు పక్కన పాత టైరు వేలాడదీసిన పంక్చరు షాపు ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇన్నోవా స్టెప్నీ కూడా బండి కిందే ఉంటుంది. డ్రైవరో షాపు కుర్రాడో రాడ్డు పెట్టి తిప్పి దించేస్తాడు. మనం చాయ్ తాగొస్తాం.

అమెరికాలో ఆ కుర్రాడు ఉండడు. కొత్తగా వెళ్లినవాళ్లు చాలావరకు కారే కొంటారు కానీ, టెక్సస్‌లో నాలుగు రోజులుంటే పికప్ మోజు అంటుకుంటుంది. ఇళ్లు మారేటప్పుడు, కేటరింగో కిరాణా వ్యాపారమో పెట్టుకున్నప్పుడు పాత సిల్వరాడో, ఎఫ్-150, టకోమా లాంటిది చవగ్గా కొనడం మామూలే. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికో ఊళ్లో ఉన్న గుడికో తీసుకెళ్లి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఐదోదాని వంక ఎవరూ చూడరు. ఏడాది తర్వాత హైవే పక్కన టైరు పగిలి, ఊళ్లో ముందే స్థిరపడిన ఎవరికో ఫోను పోతుంది: ‘అన్నా, స్టెప్నీ కిందికి దిగుతలేదే!’

ముందు స్టెప్నీని మోసే ఆ ఏర్పాటు ఏమిటో చూద్దాం. పికప్ వెనక బెడ్ కింద, చాసిస్ అడ్డకమ్మీకి ఒక చిన్న డ్రమ్ము బిగించి ఉంటుంది. దానికి చుట్టిన ఇనుప కేబుల్ చివర అడ్డపట్టీ ఒకటి టైరు రిమ్ము మధ్య కన్నంలోంచి కిందికి వచ్చి, రిమ్ముని కిందనుంచి పట్టుకుని మోస్తుంది. టయోటా పికప్‌లలో కేబుల్‌కి బదులు గొలుసు ఉంటుంది. వెనక సీటు దగ్గర దాచిన రెండు మూడు రాడ్డు ముక్కలు కలిపి, నంబరు ప్లేటు దగ్గర బంపరులో ఉన్న కన్నంలోంచి దూర్చి, గడియారం ముల్లుకి ఎదురుగా, అంటే ఎడమకి తిప్పితే టైరు బావిలో చేదలా కిందికి దిగాలి. కుడికి తిప్పితే పైకి ఎక్కాలి.

దిగకపోవడానికి కారణాల్లో కొన్ని నవ్వొచ్చేంత చిన్నవి. కొన్ని బళ్లలో ఆ కన్నానికి తాళం ఉంటుంది. బండి తాళంచెవితో దాన్ని ఊడదీస్తే గానీ రాడ్డు లోపలికి పోదు. పాత బండి అమ్మినవాడు రాడ్లు ఇచ్చాడో లేదో కొన్న రోజే చూసుకోవాలి. అసలు స్టెప్నీ ఉందో లేదో కూడా వంగి చూడండి, పికప్‌ల స్టెప్నీలు దొంగలకి ఇష్టమైన సరుకు. ఇంకో చిన్న కారణం మట్టి. రాడ్డు కూచోవాల్సిన గుంటలో ఏళ్ల తరబడి పేరుకున్న బురద రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని గీకి, గాలి కొట్టి శుభ్రం చేస్తే సగం గొడవలు అక్కడే తీరతాయి.

అసలు శత్రువు ఉప్పు. మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాలతో ఎగిరి నేరుగా స్టెప్నీ కేబుల్ మీద, డ్రమ్ము మీద పడతాయి. హైదరాబాద్‌లో స్టెప్నీ అంత మొండికేయకపోవడానికి మన మెకానిక్ చేతి చలవ ఎంతుందో, ఉప్పు లేకపోవడమూ అంతే ఉంది. ఈ తుప్పు మీద పెద్ద రీకాల్సే జరిగాయి. చలి రాష్ట్రాల్లో తిరిగే 2000-2003 మోడల్ టండ్రా పికప్‌లు సుమారు 1,10,000 టయోటా 2009లో వెనక్కి పిలిచింది. వాటి వెనక అడ్డకమ్మీ తుప్పుపట్టి స్టెప్నీయే రోడ్డు మీద ఊడిపడే ప్రమాదం వచ్చింది. మరుసటి ఏడు 1998-2010 సియెన్నా మినీవ్యాన్ల వంతు. అవి సుమారు 6,00,000, అందులోనూ తప్పు స్టెప్నీ మోసే కేబుల్‌దే. సియెన్నా లేని తెలుగు ఇంటి వాకిలి అమెరికాలో ఉందా అంటే చెప్పడం కష్టం, అందుకే పికప్ లేనివాళ్లు కూడా ఇది చదవాలి. బండి 17 అక్షరాల విన్ నంబరుని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే పెండింగులో రీకాల్ ఏదైనా ఉంటే చూపిస్తుంది. రిపేరు ఖర్చు కంపెనీదే. డాలస్‌లో కొన్న బండి మిషిగన్‌లోనో ఒహాయోలోనో పదేళ్లు తిరిగి ఉంటే, బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టులో తెలుస్తుంది. అలాంటిది కొనేముందు కింద పడుకుని టార్చి వేసి చూడండి.

ఇక రాడ్డు తిరుగుతున్నా టైరు దిగని కేసు. షెవీ, జీఎంసీ బళ్లలో ఇది తరచూ వస్తుంది. కేబుల్ తెగినా టైరు ఒక్కసారిగా రోడ్డు మీద పడకుండా వాటిలో రెండో కొక్కెం ఒకటి పెట్టారు. అది తుప్పుపట్టో, ఒరుసుకుపోయో టైరుని వదలదు. కంగారు పడి సుత్తి తీయకండి. రాడ్డుని కుడికి రెండు టకటకలు వినిపించేదాకా బిగించి, ఎడమకి మూడు నాలుగు చుట్లు వదలండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే కొక్కెం కదిలి టైరు దిగవచ్చు. అప్పటికీ దిగకపోతే, సుమారు 15 సెంటీమీటర్ల కేబుల్ బయటికి కనిపించేదాకా వదిలి, టైరు నడిమధ్యకి కింద జాకీ పెట్టి, కేబుల్ చివరి పట్టీని మెల్లగా పైకి నెట్టండి. టైరు కాస్త పైకి లేచి గట్టిగా ఆగిందంటే కొక్కెం విడిచినట్టు. ఇప్పుడు బరువంతా జాకీ మీదే ఉంది. మెల్లగా దించాలి. ఈ పనంతా జరిగేటప్పుడు టైరు కిందకి తల గానీ చెయ్యి గానీ పోకూడదు, పక్కన పిల్లలు నిలబడకూడదు. రిమ్ముతో కలిపి పికప్ టైరు 30 కిలోలు ఉండటం మామూలే.

రాడ్డే తిరగకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టాలి. పీబీ బ్లాస్టర్ లాంటిది డ్రమ్ము మీదా, దాని ఇరుసు దగ్గరా బాగా కొట్టి రాత్రంతా వదిలేయండి. అందరి ఇళ్లలోనూ ఉండే మామూలు డబ్ల్యూడీ-40 ఇంత పాత తుప్పుకి చాలదని నా అభిప్రాయం. పొద్దున రాడ్డు మీద కొంచెం కొంచెంగా బలం పెట్టి కుడికీ ఎడమకీ ఊపుతూ తిప్పాలి. పవర్ గన్ పెట్టి గిర్రున తిప్పాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టకండి, లోపలి పళ్లు అరిగిపోతే ఇక దేనికీ పనికిరాదు.

ఆఖరి మార్గం కేబుల్ కోసేయడం. ముందుగా టైరు కింద జాకీ గానీ గట్టి చెక్క దిమ్మలు గానీ పెట్టి ఆనించాలి. తర్వాత బోల్ట్ కట్టరుతో కోయడం మంచిది. గ్రైండరు నిప్పురవ్వలు పెట్రోలు పైపుల దగ్గర మనకెందుకు? పనిముట్లన్నీ కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి కొన్ని పనిముట్లు తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు మొత్తం ఇచ్చేస్తారు. ఇంత మంచి పద్ధతి మన కోఠీలో ఎందుకు లేదో!

ఈ పని ఎక్కడ చేస్తారన్నది కూడా ఆలోచించుకోండి. చాలా అపార్టుమెంట్ల లీజుల్లో పార్కింగులో బండి రిపేరు చేయకూడదని రాసి ఉంటుంది. సొంత ఇల్లున్న స్నేహితుడి డ్రైవ్‌వే అడగండి, ఆదివారం పూట భోజనం కూడా అక్కడే అవుతుంది. చలి మొదలయ్యేలోపు ఒకసారి పగటిపూట స్టెప్నీని పూర్తిగా దించి, తుడిచి, కేబుల్‌కి నూనె పట్టించి, గాలి చూసి మళ్లీ ఎక్కించడం ఏటా అలవాటు చేసుకోవాలి. టైరు వయసు కూడా అప్పుడే చూడండి. పక్కన డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం: 2314 అంటే 2014లో 23వ వారం. ఒక్క మైలు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది.

హైవే మీద మొరాయిస్తే ఈ వైద్యాలేవీ అక్కడ మొదలుపెట్టకండి. దారిలో ఆగిన బళ్లకి సాయం చేసే ట్రిపుల్ ఏ సభ్యత్వమో, బీమాలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్న చిన్న అదనమో ముందే తీసుకుని ఉంటే వాళ్లని పిలవండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు వెనక కూడా రోడ్డు సాయానికి ఒక ఫోను నంబరు ఉంటుంది. వచ్చినవాడికీ స్టెప్నీ దిగకపోతే బండిని టో చేయిస్తాడు, ఒప్పుకోండి.

ఒకసారి ఇలా మొండికేసిన కేబుల్‌ని, కొక్కేన్ని మళ్లీ నమ్మొద్దు. డోర్మన్ లాంటి కంపెనీలు స్పేర్ టైర్ హాయిస్ట్ మొత్తంగా అమ్ముతాయి, కొన్ని బోల్టులు విప్పి పాతది తీసి కొత్తది బిగించుకోవచ్చు. అది వచ్చేదాకా స్టెప్నీని బెడ్‌లో పడేసి తాడుతో గట్టిగా కట్టండి. కొత్తదానికి ఎక్కించేటప్పుడు షెవీ, జీఎంసీల్లో గాలి కొట్టే వాల్వు కిందివైపే ఉండాలి, లేకపోతే ఆ రెండో కొక్కెం దాని పని అది చేయలేదు. రెండుసార్లు టక్‌మన్నాక టైరుని చేత్తో ఊపి చూసి, రాడ్డు ముక్కలు లెక్కపెట్టి సీటు దగ్గర వాటి చోట వాటిని పెట్టేయండి.