గాలిమరకు అనుమతి ఎవరిది?

విద్యుత్తు: ఉమ్మడి జాబితా, 38వ అంశం. విద్యుత్తు చట్టం: 2003 (బ్రాకెట్లలో దాని సెక్షన్లు).

ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదు (సెక్షన్ 7). ట్రాన్స్‌మిషన్‌కు కావాలి (14). తికమక పెట్టేది ఇక్కడే. ఓవర్‌హెడ్ లైన్లకు సెక్షన్ 68. పొలాల్లో టవర్లకు టెలిగ్రాఫ్ చట్టం కింది అధికారాలు: సెక్షన్ 164. పరిహారం చాలదంటే రైతు వెళ్లాల్సింది జిల్లా జడ్జి దగ్గరికి.

టారిఫ్: ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ (62). పునరుత్పాదక ప్రోత్సాహం: 86(1)(ఇ). అప్పీలు: విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్, ఆప్టెల్ (111), ఆపై సుప్రీంకోర్టు (125).

పవన ప్రాజెక్టులు 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ షెడ్యూలులో లేవు.

తప్పక చదవాల్సిన కేసు: 2019 జులై 1, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవో 63. సౌర, పవన ఒప్పందాల ధరల సమీక్షకు కమిటీ. హైకోర్టు సింగిల్ జడ్జి జీవోను కొట్టేసినా, మధ్యంతరంగా పవన యూనిట్‌కు రూ.2.43 చాలన్నారు. 2022 మార్చి 15న ధర్మాసనం ఆ మధ్యంతర ధరనూ తోసిపుచ్చింది: ఒప్పంద ధరే చెల్లించాలి.

రామగిరి గాలిమరలు: పాత పుస్తకాల్లో అనంతపురం, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీసత్యసాయి జిల్లా.