ట్రైలరును జాకీతో లేపుట

ట్రాక్టరు ట్రైలరు చక్రమును విప్పుటకు జాకీ పెట్టునపుడు మన రైతులు తొందరపడుచున్నారు. మెత్తని నేలలో జాకీ దిగబడి బండి ఒరుగును. అడుగున మందపు చెక్కపలక వేయవలెను. ఇటుక వలదు, చిట్లును. రెండవ చక్రమునకు ముందువెనుకల దిమ్మలు పెట్టి, నట్టులను చక్రము నేలనుండగనే కొంచెము వదులుచేయవలెను.

నూనెజాకీలో పెద్ద పిస్టను వైశాల్యము చిన్నదానికి 20 రెట్లున్నచో, 1 కిలో త్రోపు 20 కిలోలగును. కాని పెద్దది 1 అంగుళము లేచుటకు చిన్నది మొత్తము 20 అంగుళములు నడువవలెను. పిడిని అన్నిమారులు ఆడించుట అందులకే. లోపలి వాషరు అరిగినచో నూనె జారి, బరువు తెలియకుండ దిగిపోవును. ఒకపరి మేము అట్టి జాకీనే నమ్మితిమి. ఇరుసు క్రింద దుంగ యుండబట్టి మా చేయి దక్కినది. దుంగ చేర్చిన పిమ్మటనే చక్రమును ఊడదీయుడు.