పీడీ సారు చెప్పే ఏడు సంగతులు

నల్లగొండ, పాలమూరు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ముప్పై రెండేళ్లు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. పిల్లలకు పీడీ సారును. ఎక్కువకాలం కబడ్డీ నేర్పాను, కొన్నేళ్లు వాలీబాల్. ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు పీడీలు ఇంటికొచ్చి, అనుభవం మీద నాలుగు మాటలు రాసిపెట్టమన్నారు. డ్రిల్లులు, ఫిట్‌నెస్ షెడ్యూళ్లు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. దోమలగూడలో బీపీఎడ్ చదివేటప్పుడు నాకెవరూ చెప్పని సంగతులు మాత్రమే రాస్తున్నాను.

1. ఆఖరి బస్సు టైము తెలుసుకోండి

చేరిన కొత్తలో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ప్రాక్టీసు పెట్టాను. వారం తిరిగేసరికి పద్దెనిమిది మందిలో ఆరుగురే మిగిలారు. బద్ధకమనుకొని అందరి ముందు కోప్పడ్డాను. ఆ సాయంత్రం అటెండరు దగ్గరికొచ్చి చెప్పాడు: "సారూ, వాళ్ల ఊర్లకు ఆరున్నరకే ఆఖరి బస్సు. అది తప్పితే ఎనిమిది కిలోమీటర్లు నడవాలె."

ప్రాక్టీసును పొద్దుటికి మార్చాను. మొదటి బస్సు దిగిన పది నిమిషాలకు మొదలు. పదిహేడు మంది వచ్చారు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సగం మంది ఏమీ తినకుండానే వస్తున్నారు. పాలమూరులో పల్లీలకు కొదవ లేదు కదా, రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టి, బెల్లం ముక్కతో పెట్టడం అలవాటు చేశాం. వీలైన రోజు గుడ్డు. కూతకు దమ్ము కావాలంటే ముందు కడుపులో ఏదో ఒకటి ఉండాలి.

2. గ్రౌండు పిల్లలతో కలిసి మీరే తయారు చెయ్యండి

మనది ఎర్ర చెల్క. పైకి మెత్తగా కనిపిస్తుంది, జానెడు తవ్వితే మొరం, గులకరాళ్లు. ఆ నేల మీద పడ్డ మోకాలు నెల దాకా మానదు. అందుకని ఏటా వానలు తగ్గాక ఆ జానెడు మట్టినీ తవ్వి, ఇసుక జల్లెడతో జల్లించేవాళ్లం. దాంట్లో ఎండిన చెరువు మట్టి కలిపి, కట్టెతో చదును చేసి, సాయంత్రం నీళ్లు చల్లి వదిలేసేవాళ్లం. పొద్దున్నే నేను చెప్పులు విడిచి మడమతో నొక్కి చూసేవాణ్ని. మడమ కొంచెం దిగాలి, మట్టి కాలికి అంటుకోకూడదు. అప్పుడు తాడు పట్టి సున్నం. మగపిల్లలకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైను, దాని అవతల మీటరుకు బోనస్ లైను. ఆడపిల్లలకు 12, 8. గీతలు పిల్లలతోనే గీయించాను. తన చేత్తో గీసిన బోనస్ లైను ఎక్కడుందో రైడర్ కళ్లు మూసుకున్నా చెబుతాడు. ఆ గ్రౌండులోకి చెప్పులతో ఎవరైనా వస్తే నేను నోరు తెరిచేలోపే పిల్లలు ఆపేవాళ్లు.

అయితే మట్టి మీదే నేర్పి ఊరుకోవద్దు. పెద్ద టోర్నమెంట్లన్నీ మ్యాటు మీదికి మారాయి. మట్టిలో జారి గీత తాకడం అలవాటైన పిల్లవాడు మ్యాటు మీద అలాగే జారితే మోచేయి, మోకాలు చర్మం లేచిపోతుంది. బూటు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఒళ్లు తిరిగినా కాలు తిరగదు, మోకాలు మెలిపడుతుంది. అడిగో అప్పు తెచ్చో, టోర్నమెంటుకు ముందు పది రోజులైనా మ్యాటు మీద ఆడించండి.

3. ఆడపిల్ల కావాలంటే తల్లి దగ్గరికి వెళ్లండి

తండ్రి సరేనంటాడు, రెండు రోజులకు మాట మారుస్తాడు. తల్లి ఒప్పుకుంటే పిల్ల మూడేళ్లూ ఆడుతుంది. నారాయణపేట వైపు ఒక ఊళ్లో ఒక తల్లి నన్ను గడపలోనే నిలబెట్టి అడిగింది: "బిడ్డ పెండ్లి చెయ్యాలె సారూ. చెయ్యి ఇరిగితే ఎవడు చేసుకుంటడు?" ఆమె భయం న్యాయమైనదే. మాటలతో వాదించకుండా, "అక్కా, ఒక్కసారి వచ్చి చూడు" అన్నాను. కైకిలి మానుకొని వచ్చింది. తన బిడ్డ చీలమండ పట్టు పట్టి, తనకంటే లావుపాటి పిల్లను నేల మీద కూర్చోబెట్టడం చూసింది. మళ్లీ పెండ్లి మాటెత్తలేదు. టోర్నమెంటు ప్రయాణానికి మాత్రం ఒక షరతు పెట్టింది, తోడుగా లేడీ లెక్చరరు ఉండాలని. నేను దాన్ని అందరికీ వర్తించే నియమంగా పెట్టుకున్నాను.

2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో మొదటిసారి మహిళల కబడ్డీ పెట్టారు, స్వర్ణం మన దేశానికే వచ్చింది. 2014లో ప్రో కబడ్డీ టీవీలోకి వచ్చింది. ఆ తర్వాత నా పని కొంత తేలికైంది. కొంతే.

4. దీపావళి దాటితే టీము సగమవుతుంది

ఇది పాలమూరు పీడీకి ఎక్కువగా ఉండే కష్టం. వానాకాలం పంట చేతికొచ్చాక గుంపు మేస్త్రీలు ఊళ్లల్లోకి వస్తారు, అడ్వాన్సులిస్తారు, కుటుంబాలు కూలి పనికి బొంబాయికో పుణెకో వలసపోతాయి. మన ఇంటర్ కాలేజీ పోటీలు, యూనివర్సిటీ సెలక్షన్లు సరిగ్గా అదే కాలంలో. ఒక ఏడాది నా లెఫ్ట్ కార్నర్ చెప్పకుండా మాయమయ్యాడు. కోస్గి దగ్గర వాళ్ల ఊరికి పోతే, ఇంట్లో నాయనమ్మ, చెల్లె ఉన్నారు. పిల్లవాడు మట్టిపనికి పోయాడు. నాయన తీసుకున్న అడ్వాన్సుకు ఇంట్లో ఇద్దరు లెక్క.

ఆ ముసలమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. పిల్లవాడు ఉగాదికి తిరిగొచ్చాడు, పరీక్ష ఫీజు గడువు దాటింది. ఆనాటి నుంచి దసరా సెలవుల్లోనే ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, ఎవరు వెళ్తారు, ఎవరు ఉంటారు అని రాసుకునేవాణ్ని. వెళ్లక తప్పనివాళ్ల పరీక్ష ఫీజు ముందే కట్టించాను. ఆట పోయినా డిగ్రీ పోకూడదు.

5. నొప్పి అన్న పిల్లవాడిని నమ్మండి

ఇది నా తప్పు, ఎవరిమీదా నెట్టను. ఒక సెమీఫైనల్ ముందు మంచి రైడర్ ఒకడు మోకాలు వాచిందన్నాడు. గుడ్డ కట్టి ఆడించాను. గెలిచాం. అతను మళ్లీ కూతకు పోలేదు. ఇప్పుడు ఎదురైతే "బాగున్నరా సార్" అని చేతులు పట్టుకుంటాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు.

అమెరికాలో మన తెలుగు పిల్లవాడు తీగల సాహిత్ కథ తెలిశాక ఆ రైడరే గుర్తొచ్చాడు. సాహిత్ తల్లిదండ్రులది హైదరాబాద్. పెప్పర్‌డైన్ యూనివర్సిటీ తరఫున గోల్ఫ్ ఆడేవాడు. మణికట్టుకు ఆపరేషన్ అయ్యాక 2018-19 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నాడు. తిరిగొచ్చి 2020లో అక్కడి కాలేజీ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులు మూడూ ఒక్క ఏడాదే గెలుచుకున్నాడు. 2023లో పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ కొట్టాడు. అక్కడ డబ్బుంది, డాక్టర్లున్నారు, నిజమే. కానీ ఏడాది ఆగనివ్వడానికి కావలసింది డబ్బొక్కటే కాదు. నేను ఒక్క మ్యాచి ఆగలేకపోయాను.

నల్లగొండ పీడీలకు ఇంకో మాట. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పిల్లలను సెలక్షన్‌లో ప్రత్యేకంగా చూడండి. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు మించితే ఫ్లోరైడు ప్రమాదం. అంతకు మించిన బోరునీళ్లు తాగి పెరిగిన తరాలు అక్కడున్నాయి. ఆ నీళ్లకు ఒళ్లు బిగుసుకుపోయిందేమో చూడటానికి నేను మూడు పనులు చేయించేవాణ్ని. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తియ్యమనేవాణ్ని, గదవ ఛాతీకి ఆనించమనేవాణ్ని, చేతులు తల వెనక్కి పెట్టమనేవాణ్ని. వీటిలో ఏది చెయ్యలేకపోయినా ఆ పిల్లవాడు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "బిగుసుకుపోయావేందిరా" అని వీపు మీద కూర్చొని వంచే సీనియర్లను చూశాను. దయచేసి వంచనివ్వకండి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లల పళ్లు తెల్లగా ఉండటం చూస్తుంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

6. ఫారం-3 పోగొట్టనివ్వకండి

మా రోజుల్లో ఈ రెండు జిల్లాలూ ఉస్మానియా కిందే. కబడ్డీ టీములో 12 మంది. ఆ 12లో చోటు కోసం మన పిల్లవాడు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాద్ పిల్లలతో పోటీపడాల్సి వచ్చేది. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. మన పిల్లలకు సొంతంగా రెండు టీములు దొరికాయి. నా ఉద్యోగకాలంలో ఈ నేలకు జరిగిన గొప్ప మేలు ఇదే అనుకుంటాను.

అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం యూనివర్సిటీ క్రీడా విభాగం సంతకంతో ఇచ్చే కాగితమే ఫారం-3. పిల్లలు కప్పుతో ఫోటో దిగి ఇంటికెళ్తారు, కాగితం గుర్తుండదు. నాలుగేళ్లకు నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తుకొస్తారు, అప్పటికి సంతకం పెట్టవలసినవారు మారిపోతారు. టోర్నమెంటు నుంచి వచ్చిన వారంలోనే అది చేతికిప్పించండి. ఒక జిరాక్సు మీ బీరువాలో పెట్టుకోండి. నా బీరువా నుంచి వెళ్లిన జిరాక్సులతో కానిస్టేబుళ్లు, పీఈటీలు అయినవాళ్లున్నారు.

7. స్టాఫ్‌రూంలో మీ కుర్చీ చివర ఉంటుంది

ఉండనివ్వండి. భారత ఫుట్‌బాల్‌కు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిపెట్టిన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కూడా బడిలో పాఠం చెప్పి వచ్చినవారే. మీరు నేర్పేది పాఠమే, సందేహం వద్దు.

ఇక తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ కొడుకునో కూతురినో డిగ్రీలో చేర్పించే రోజు, ఫీజు కట్టాక నేరుగా ఇంటికి పోకండి. గ్రౌండు ఎక్కడుందో అడిగి అక్కడి దాకా నడవండి. పీడీ సారును కలిసి మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకో చెప్పండి.