పాట కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

ధనుర్మాసం రెండో వారం. తెల్లవారుజామున అనకాపల్లి నుంచి అమ్మమ్మ ఫోన్. "ఒరేయ్, తిరుప్పావై మధ్యలో ఎవడో సబ్బులు అమ్ముతున్నాడ్రా!"

జరిగింది ఇదీ. ఒక మ్యూజిక్ యాప్‌కి నేనే డబ్బులు కట్టి, ఆవిడ ఫోన్లో 30 పాశురాలూ డౌన్‌లోడ్ చేసి ఇచ్చా. నా కార్డు గడువు అయిపోయింది, రెన్యువల్ ఆగిపోయింది. డౌన్‌లోడ్ చేసినవన్నిటికీ తాళం పడింది, ప్రకటనలు మొదలయ్యాయి. కోడ్ రాసి బతికేవాణ్ణి, ముందే ఊహించాల్సింది. ఊహించలేదు.

కాబట్టి ఫ్రెండ్స్, ఇంట్లో పెద్దవాళ్ళకి భక్తి పాటల ప్లేయర్ ఇద్దామనుకుంటే, ముందు పాట ఎక్కడ తీసుకుంటున్నామో చూడాలి. ప్లేయర్ సంగతి ఆ తర్వాత.

"డౌన్‌లోడ్" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. నెలవారీ యాప్‌లో బాణం గుర్తు నొక్కితే వచ్చేది తాళం వేసిన ఫైల్. ఆ యాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. స్పాటిఫైలో అయితే డబ్బులు కడుతున్నా సరే, కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కనెక్ట్ అవ్వాలి. అంటే అది అద్దె. రెండోది నిజంగా కొనుక్కోవడం. ఐట్యూన్స్ స్టోర్ 2003లో మొదలైనప్పుడు అక్కడా పాటలకి తాళాలే, 2009లో తీసేశారు. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అనే పేరుతో తాళం లేని ఎంపీ3లు అమ్మింది. 2013లోనే కొట్టు మూసేసింది. కానీ అప్పుడు కొని కంప్యూటర్లో దాచుకున్నవాళ్ళకి ఆ పాటలు ఇవాళ్టికీ మోగుతాయి. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఏ సర్వీసైనా సరే, ముందు ఒక్క పాట కొనండి. పెన్‌డ్రైవ్‌లో వేసి, నెట్ లేని స్పీకర్‌కో కారుకో పెట్టండి. మోగితే మీది. ఐట్యూన్స్‌లో వచ్చేది ఏఏసీ ఫార్మాట్, చవక ప్లేయర్లు కొన్ని దాన్ని చదవవు, ఎంపీ3గా మార్చుకోవాలి. బ్యాండ్‌క్యాంప్‌లో ఎంపీ3, ఫ్లాక్ రెండూ ఇస్తారు. ఇంట్లో పాత సీడీలుంటే వాటి నుంచే ఎంపీ3లు చేసుకోవచ్చు. నాకు సగం పాటలు అమ్మ బీరువాలోనే దొరికాయి!

కొనే ముందు శాంపిల్ తప్పకుండా వినండి. ఒకే స్తోత్రం ఎంతోమంది పాడి ఉంటారు, అమ్మమ్మ చెవికి అలవాటైన గొంతు ఒక్కటే. ఇంకో మాట. అన్నమయ్య కీర్తన 500 ఏళ్ళ నాటిదే కావచ్చు, దాని రికార్డింగ్ మాత్రం కాదు. మన చట్టం ప్రకారం రికార్డింగ్ విడుదలయ్యాక 60 ఏళ్ళు దాని మీద హక్కులుంటాయి. "దేవుడి పాటే కదా" అని ఎక్కడపడితే అక్కడ దింపుకోకండి.

క్వాలిటీ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోవద్దు. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ. ఆ లెక్కన 32 జీబీ కార్డులో 200 గంటలు దాటి పడతాయి. చిన్న స్పీకర్లో ఫ్లాక్‌కీ దీనికీ తేడా నాకైతే తెలియలేదు. కార్డు కూడా 32 జీబీయే తీసుకోండి. 64 జీబీ, ఆ పైవి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, చాలా చవక ప్లేయర్లకి అది అర్థం కాదు.

ప్లేయర్ విషయంలో మాత్రం ఒక దెబ్బ తిన్నా. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై పఠిస్తారు కదా, ఇంట్లో అమ్మమ్మదీ అదే పద్ధతి, రోజుకో పాశురం. కొత్త ప్లేయర్ పెట్టిన రెండో రోజు పదో పాశురం వచ్చింది! కారణం ఏంటంటే, ఫైళ్ళ పేర్లు 1, 2, 3 అని పెట్టా. అది వాటిని అక్షరాల్లా చూసి 1, 10, 11 అని వరస కట్టింది. 01, 02 అని మార్చాక దారిలో పడింది. తెలుగులో పేరు పెడితే తెరమీద డబ్బాలు కనిపించాయి, అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టా.

టచ్ స్క్రీన్ వద్దు. పసుపు చేత్తో నొక్కినా పనిచేసే గట్టి బటన్లు కావాలి. ప్రవచనాలు వినేవాళ్ళకైతే ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలవుతుందా అని షాపులోనే ఆన్ ఆఫ్ చేసి చూడండి. నాలుగింట్లో మూడు మొదటికి వెళ్ళిపోయాయి. బ్యాటరీ ఊడదీసి మార్చగలిగేదైతే మంచిది. అమ్మమ్మ ప్లేయర్లో ఉన్నది పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం. మొన్న అది ఉబ్బిపోతే, ఆవిడే వీధి చివర మొబైల్ షాపుకి వెళ్ళి మార్పించుకుని వచ్చింది. నాకు ఫోన్ కూడా చెయ్యలేదు.