ముసలితనంలో ఇంటి వద్ద సంరక్షణ

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంటి వద్ద సంరక్షణ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• పింఛను, బీమా ఉన్నా ఈ సేవ ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• కేరళ పంచాయతీలు దీనిని ఎలా అందిస్తున్నాయో తెలుసుకొంటారు.

14.2 సమస్య ఏమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు, ఆపైన వయసున్నవారు సుమారు 10.4 కోట్ల మంది. పేద వృద్ధులకు 1995 నుంచి కేంద్ర ప్రభుత్వ పింఛను పథకం ఉంది. 2024లో ఆయుష్మాన్ భారత్ బీమాను 70 ఏళ్ళు నిండినవారందరికీ విస్తరించారు. ఆసుపత్రిలో చేరితే ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఖర్చును ఈ బీమా భరిస్తుంది.

పక్షవాతంతో మంచం పట్టిన ఒక వృద్ధురాలిని ఊహించండి. చికిత్స ముగిసి ఆమె ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆమెను సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అన్నం తినిపించాలి, ఒళ్ళు తుడవాలి, మూత్రం గొట్టం మార్పించాలి. ఈ పనులు పింఛను డబ్బుతోనో, బీమా కార్డుతోనో జరిగిపోవు. సాధారణంగా ఇంట్లో కోడలో, కూతురో చేస్తుంది. ఆమె కూలికి వెళ్ళలేదు కనుక ఆ ఇంటి ఆదాయం కూడా తగ్గుతుంది.

14.3 కేరళ పద్ధతి

2011లో కేరళ జనాభాలో ప్రతి వందమందికి 12 మందికి పైగా వృద్ధులే. 1993లో కోజికోడ్‌లో కొందరు వైద్యులు, స్వచ్ఛంద సేవకులు నొప్పి ఉపశమన సేవ ప్రారంభించారు. తరువాత మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళ్ళసాగారు. ఈ అనుభవంతో 2008లో కేరళ ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. దాని ప్రకారం పంచాయతీ ఒక నర్సును నియమిస్తుంది. ఆమె ఆశా కార్యకర్తతో, సేవకులతో కలిసి మంచం పట్టినవారి ఇళ్ళకు వెళుతుంది. పుండ్లకు కట్టు కడుతుంది, గొట్టం మారుస్తుంది, ఇంటివారికి సేవ చేసే పద్ధతి నేర్పుతుంది. ఈ సేవ వృద్ధులకే కాక, క్యాన్సర్ వంటి దీర్ఘరోగాలున్నవారికి కూడా అందుతుంది.

నర్సు రోజూ రాదు. రోజువారీ సేవ ఇంటివారిదే. అయితే వారు ఒంటరివారు కారు. అసలు తేడా ఇదే.

14.4 మనం ఏం అడగవచ్చు?

2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలోనూ మంచం పట్టినవారి ఇంటికి ఆరోగ్య సిబ్బంది వెళ్ళాలని ఉంది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీని గురించి అడగండి.

సరిచూసుకోండి

1. కేరళ తన విధానాన్ని ________ సంవత్సరంలో ప్రకటించింది.
2. నర్సు వస్తే ఇంటివారికి పని ఉండదు. (ఒప్పు / తప్పు)
3. మీ వీధిలో మంచం పట్టినవారు ఎందరు? వారిని ఎవరు చూసుకొంటున్నారు? వివరాలు రాసి, గ్రామసభలో చర్చించండి.

జవాబులు: 1. 2008  2. తప్పు