వ్యాధిగ్రస్త ధమని నుండి సజీవ కణం

గుండెపోటుకు, పక్షవాతానికి ముఖ్య కారణమైన ధమనీ పూడికను శాస్త్రజ్ఞులు చాలాకాలం ప్రధానంగా శవపరీక్షలలోనే చూశారు. నిర్జీవ కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూచినంత మాత్రాన అందలి కణం ఏమి చేస్తుందో తెలియదు. దానిని సజీవంగా పెంచి చూడవలసి వచ్చింది.

మెడలోని కరోటిడ్ ధమని పూడినప్పుడు శస్త్రవైద్యులు ఆ పూడికను ఒలిచి తీస్తారు. రోగి సమ్మతితో ఆ ముక్క ప్రయోగశాలకు చేరుతుంది. దానిని శుద్ధ ద్రావణంలో కడిగి, సున్నము పేరుకున్న భాగాలను తొలగించి, సుమారు ఒక మిల్లీమీటరు తునకలుగా కోసి పాత్ర అడుగున అంటిస్తారు. పోషక ద్రావణం, దూడ పిండపు సీరం, 37 డిగ్రీల సెల్సియస్ వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడు గల గాలి సమకూర్చి వేచియుండాలి. తొందరపడి ద్రావణం ఎక్కువ పోస్తే తునకలు తేలిపోతాయి. ఓర్పు లేనివారికి ఈ విద్య అబ్బదు. కొన్ని వారాలకు తునక అంచు నుండి కదురు ఆకారపు కణాలు పాకుతూ వెలువడతాయి. పాత్ర నిండినచోట అవి కొండలు, లోయలవలె అమరుతాయి. ఇవి మృదుకండర కణాలు. అయితే రూపాన్నే నమ్మరాదు. ఫైబ్రోబ్లాస్టులు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి గనుక, ఆక్టిన్ వంటి ప్రోటీనులను ప్రతిరక్షకాలతో పరీక్షించి నిర్ధారించాలి.

అమెరికాలోని సియాటిల్ నగరంలో రస్సెల్ రాస్ 1971లో గినీపిగ్ మహాధమని కణాలను ఇట్లు పెంచాడు. రక్తఫలకికల నుండి వెలువడే పదార్థం ఈ కణాల విభజనను ప్రేరేపిస్తుందని 1974లో ఆయన బృందం కోతి కణాలపై చూపింది. అంతకు ముందే, 1973లో, అదే నగరంలో బెండిట్ తండ్రీకొడుకులు ఒక్కొక్క మానవ పూడికలోని కణాలు చాలావరకు ఒకే మాతృకణపు సంతతి కావచ్చునని ప్రతిపాదించారు. అంటే పూడిక ఒక విధమైన కంతి! అట్లయితే పాత్రలో ఆ కణాలు విజృంభించాలి కదా?

జరిగింది అందుకు విరుద్ధం. ఆరోగ్యవంతమైన ధమని కణాలకంటే పూడిక కణాలు తక్కువసార్లు విభజన చెంది, త్వరగా ముసలివైనవి. అవి అధికంగా మరణిస్తాయని కూడా 1995లో మార్టిన్ బెనెట్ బృందం తెలిపింది. దీని ప్రాముఖ్యం చిన్నది కాదు. పూడికలోని కొవ్వు ముద్దను కప్పియుంచే నారపొరను నిర్మించేవి ఈ కణాలే. అవి నశిస్తే పొర పలుచనై చిట్లుతుంది, రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. దోషియని తలచిన కణం ఒకవిధంగా కావలివాడు.

ఐతే ఒక సందేహం న్యాయమైనదే. పాత్రలో చేరిన కణం సంకోచశక్తిని కోల్పోయి స్వభావం మార్చుకొంటుంది. మరి ఈ వార్ధక్యం పాత్ర తెచ్చిపెట్టినదా? 2006లో బెనెట్ బృందం పాత్రను వదలి పూడిక కణజాలాన్నే పరిశీలించి, అందలి మృదుకండర కణాలలో క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు పొట్టివైయున్నట్లు కనుగొన్నది. కణం ధమనిలోనే ముసలిదైనది.